చేప పొలుసు ఎందుకు పనికొస్తుంది?

కిందటేడు వేసవిలో ఒక ఆదివారం పొద్దున్నే బాపట్ల నుంచి మా బాబాయ్ ఫోన్ చేశారు.

"ఒరే, నీ చెల్లెలు అక్కడ ఏం వెలగబెడుతోందో నీకేమైనా తెలుసా?"

"పీహెచ్‌డీ కదా బాబాయ్, సెల్ బయాలజీలో."

"ఏం బయాలజీయో! చేపలకి పొలుసులు పీకుతోందట. నిన్న వాళ్ళమ్మకి ఫోన్ చేసి అదే చెప్పి మురిసిపోయింది. పొలుసులు తీయడం నేర్చుకోడానికి విమానమెక్కి అంతదూరం పోవాలా? సూర్యలంక వెళ్తే పైసా తీసుకోకుండా నేర్పుతారు. చేపతో మనకి పులుసు దగ్గర పని గాని పొలుసు దగ్గర ఏం పని?"

ఆయన నవ్వుతూనే అన్నారు గాని గొంతులో నవ్వు లేదు. ఆ పిల్లని ఎమ్మెస్‌కి పంపడానికి చేసిన అప్పు ఇంకా పూర్తిగా తీరలేదు. తోటి పిల్లలంతా ఉద్యోగాల్లో చేరి ఇళ్ళకి డబ్బు పంపుతుంటే, ఈవిడ మాత్రం వచ్చిన ఆఫర్ కాదని ఇంకో అయిదేళ్ళు చదువుతానంది. "నువ్వు చెబితే వింటుంది. ఆ డేటా సైన్సో మరొకటో, దాంట్లోకి మారమని చెప్పు" అని ఫోన్ పెట్టేశారు.

నిజం చెప్పొద్దూ, నేను బాబాయ్ పక్షమే. పై శనివారం నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వాళ్ళ యూనివర్సిటీకి వెళ్ళాను. దారి పొడుగునా చెప్పవలసిన మాటలు వరసపెట్టుకున్నాను. క్లయింట్లకి ప్రెజెంటేషన్లు ఇచ్చి ఇచ్చి అలవాటైన ప్రాణం కదా, మొదటి స్లైడు వీసా, రెండో స్లైడు జీతం, మూడో స్లైడు అమ్మానాన్నల వయసు. ఒక్క స్లైడు కూడా చూపించకుండానే తిరిగొచ్చాను. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

మైక్రోస్కోపు కింద

వాళ్ళ లాబ్‌లో చిన్న అక్వేరియం ఉంది. అందులో బ్లాక్ టెట్రా అనే చేపలు. దక్షిణ అమెరికా నదుల్లో పుట్టిన చేప, పెంపుడు చేపల దుకాణాల్లో ఎక్కడైనా దొరుకుతుంది. మా చెల్లెలు అప్పటికే తీసి ఉంచిన ఒక పొలుసుని గాజు పలక మీద ఉప్పునీటి చుక్కలో పెట్టి "ముందు ఇది చూడు, తిట్టడం తరవాత తిడుదువుగాని" అంది. నేనెందుకు వచ్చానో దానికి తెలుసన్నమాట.

చూశాను. తెల్లకాగితం మీద సిరా చుక్కలు విదిలించినట్టు నల్లటి నక్షత్రాలు. ఒక్కో నక్షత్రం ఒక జీవకణం. వీటిని మెలనోఫోర్లు అంటారు, మనం నల్లరంగు కణాలు అనుకుందాం. ఒక్కో కణంలో మెలనిన్ నింపుకున్న నల్లని రేణువులు వేల సంఖ్యలో ఉంటాయి. రేణువు సైజు మైక్రాన్‌లో సగం, అటూ ఇటూగా.

మా చెల్లెలు ఒక చుక్క ఎడ్రినలిన్ వేసింది. మనకి భయం వేసినప్పుడు ఒంట్లో ఊరే రసమే అది. చూస్తూ ఉండగానే ఆ నక్షత్రాల కొనలు చెరిగిపోవడం మొదలైంది. నలుపంతా లోపలికి జరిగింది. నిమిషాల్లో నక్షత్రాలు పోయి, ఒక్కో కణం మధ్యన ఒక్కో చుక్క మిగిలింది.

"కణం ముడుచుకుపోయింది" అన్నాను, తెలిసినవాడిలాగా.

"లేదన్నయ్యా, అందరూ మొదట అలాగే అనుకుంటారు. కణం అంచు ఎక్కడుందో అక్కడే ఉంది. లోపలి రేణువులే మధ్యకి నడిచొచ్చాయి."

తరవాత ఎడ్రినలిన్ కడిగేసి కెఫీన్ వేసింది. మన కాఫీలో ఉండే కెఫీనే. చుక్కల్లోంచి నలుపు మళ్ళీ నెమ్మదిగా అన్ని వైపులకీ పాకి, పాత నక్షత్రాలు ప్రత్యక్షమయ్యాయి. చేపకి ఇది ప్రాణరక్షణ. లేతరంగు నేల మీద ఉన్నప్పుడు నలుపుని మధ్యకి లాక్కుంటే ఒళ్ళు పాలిపోతుంది, నల్లనేల మీద నలుపుని పరుచుకుంటే ఒళ్ళు నల్లబడుతుంది. వేటాడే చేప కంట పడదు. మనకి ఈ సదుపాయం లేదు. మన చర్మంలో రంగు తయారుచేసే కణాలు ఆ రేణువుల్ని పక్క కణాలకి పంచిపెట్టేస్తాయి, ఇచ్చింది వెనక్కి రాదు. ఉండుంటే తెల్లబరిచే క్రీములు అమ్మే కంపెనీలు ఎప్పుడో మూతపడేవి.

పదిహేనేళ్ళుగా కంప్యూటర్లతోనే బతుకుతున్నవాణ్ణి, నాకు పుట్టిన ప్రశ్న కూడా ఆ బాపతుదే. "వేల రేణువులు ఒకేసారి ఒకేచోటికి చేరాయి. మధ్య ఎక్కడుందో వీటికి ఎవరు చెప్పారు? ఎక్కడో ఒక మాస్టర్ ఉండాలిగా?"

"కూర్చో" అంది. నేను చెప్పడానికి వెళ్ళి వినడం మొదలుపెట్టింది అక్కడే.

పట్టాలు, కూలీలు

కణం అంటే జెల్లీ నింపిన సంచి అనుకుంటాం గాని, లోపల పట్టాల వ్యవస్థ ఉంది. ఆ పట్టాల పేరు మైక్రోట్యూబ్యూల్స్, తెలుగులో సూక్ష్మనాళికలు అనుకోవచ్చు. ట్యుబ్యులిన్ అనే ప్రొటీన్ ఇటుకలు పేర్చగా ఏర్పడిన బోలు గొట్టాలు. వెడల్పు 25 నానోమీటర్లు. అంటే మన తలవెంట్రుక అడ్డకొలతలో ఇలాంటివి మూడు వేలు పక్కపక్కన పడతాయి. గొట్టానికి రెండు కొసలూ ఒకలాంటివి కావు. ఒకటి ప్లస్ కొస, ఇంకోటి మైనస్ కొస. నల్లరంగు కణంలో మైనస్ కొసలు మధ్యనా, ప్లస్ కొసలు అంచుల దగ్గరా ఉంటాయి. సైకిల్ చక్రంలో ఆకుల్లాగ అన్నమాట.

ఈ పట్టాల మీద సరుకు మోసే కూలీలు మోటార్ ప్రొటీన్లు. ముఖ్యంగా రెండు జాతులు. కైనెసిన్ జాతివాళ్ళు చాలావరకు ప్లస్ కొస వైపు, అంటే అంచు వైపు నడుస్తారు. డైనీన్ మైనస్ కొస వైపు, అంటే మధ్యకి. కైనెసిన్‌ని 1985లో అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర ప్రయోగశాలలో స్క్విడ్ నరాలతో పనిచేస్తూ రాన్ వేల్, మైకేల్ షీట్జ్, టామ్ రీస్ పట్టుకున్నారు. ఒక్కో అడుగు 8 నానోమీటర్లు, అడుగుకి ఒక ఏటీపీ అణువు ఖర్చు, సెకనుకి సుమారు వంద అడుగులు. చేపల్లో అంచుకి మోసేది కూడా ఈ జాతివాడేనని 1991లో తేలింది. బ్లాక్ టెట్రా కణాల్లోకి కైనెసిన్‌ని కట్టిపడేసే యాంటీబాడీని సూదితో ఎక్కించి చూశారు. నలుపు మధ్యకి రావడం మామూలుగానే జరిగింది, బయటికి పరుచుకోవడం మాత్రం ఆగిపోయింది. రెండు దిక్కులకీ రెండు వేరు మోటార్లు ఉన్నాయనడానికి ఇంతకంటే శుభ్రమైన రుజువు ఏముంటుంది? మన భాషలో చెప్పాలంటే, ఒక్క ప్రాసెస్‌ని మాత్రం చంపి ఏ ఫీచర్ పడిపోయిందో చూడడం.

విశేషమేమిటంటే ఇద్దరు కూలీలూ ఒకే రేణువు మీద ఉంటారు. ఎవరు ఎప్పుడు లాగాలన్నది ఎలా నిర్ణయమవుతుంది? కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు ఉంటుంది. ఎడ్రినలిన్ కణం బయట తలుపు తడితే లోపల దీని మోతాదు పడిపోతుంది, డైనీన్‌ది పైచేయి అవుతుంది. కెఫీన్ ఈ అణువుని విరగ్గొట్టే ఎంజైముకి అడ్డుపడుతుంది గనక మోతాదు పెరుగుతుంది, కైనెసిన్ గెలుస్తుంది. ఏ రేణువుకీ విడిగా ఉత్తరం రాదు. ఊళ్ళో దండోరా వేసినట్టు కణమంతటా ఒకే మాట, ఎవరికి వాళ్ళు విని తమ పని తాము చేసుకుంటారు.

ఇంకో సంగతి. పట్టాలు అంచుల దాకా తీసుకెళ్తాయి సరే, అక్కడ అంతా కుప్పపడకుండా సమానంగా పరుచుకునేది ఎలా? దానికి యాక్టిన్ అనే సన్న దారాల వల ఉంది. పట్టాలు హైవేలైతే ఇవి వీధులు. 1998లో చేప కణాలతో చేసిన ప్రయోగాల్లో హైవేలు తీసేస్తే రేణువులు వీధుల్లో దారీతెన్నూ లేకుండా తిరిగాయి. వీధులు తీసేస్తే, పరుచుకోమన్నప్పుడు వెళ్ళి అంచుల దగ్గర పోగుపడ్డాయి. రెండూ ఉంటేనే నలుపు సమంగా పరుచుకుంటుంది.

ఇంతవరకూ విని నేను సంతృప్తిపడ్డాను. "అర్థమైంది. పట్టాలన్నీ మధ్యలోంచి బయలుదేరాయి కాబట్టి అక్కడేదో స్టేషన్ ఉంది. అదే మాస్టర్."

స్టేషన్ ఉన్నమాట నిజమే. సెంట్రోసోమ్ అంటారు. పట్టాలు మొలిచేది దాని దగ్గరే. "మరి ఆ స్టేషన్ తీసేస్తే?" అంది మా చెల్లెలు.

కేంద్రం లేనిచోట కేంద్రం

1984లో మార్క్ మెక్‌నివెన్, కీత్ పోర్టర్, వాళ్ళ సహచరులు ఏంజెల్ ఫిష్ కణాలతో ఇదే పని చేశారు. నక్షత్రానికి ఉన్న ఒక చేతిని మొండెం నుంచి కోసి వేరుచేశారు. ఆ ముక్కలో సెంట్రోసోమ్ లేదు. మొదట్లో ముక్కలోని రేణువులు పాత అలవాటు ప్రకారం మొండెం ఉండిన వైపుకే వెళ్ళాయి. కొన్ని గంటలు గడిచాక మాత్రం అవి ముక్క మధ్యలో పోగవడం మొదలైంది. చూస్తే సూక్ష్మనాళికల దిశ కూడా దానికి తగ్గట్టు మారి ఉంది. తెగిన చెయ్యి తనకంటూ కొత్త మధ్యని వెతుక్కుంది!

1997లో విస్కాన్సిన్ యూనివర్సిటీలో వ్లదీమిర్ రొదియోనోవ్, గ్యారీ బొరీసీ ఈ ప్రశ్నని ఇంకా లోతుగా తవ్వారు. బ్లాక్ టెట్రా కణాల నుంచి చిన్న చిన్న ముక్కలు కోశారు. సెంట్రోసోమ్ లేదు, కేంద్రకం లేదు. ఉన్నవల్లా కాసిని రేణువులు, చెల్లాచెదురుగా కొన్ని సూక్ష్మనాళికలు. దాని మీద ఎడ్రినలిన్ వేస్తే నిమిషాల్లోనే రేణువులన్నీ ముక్క మధ్యకి చేరాయి. సూక్ష్మనాళికలు కూడా సర్దుకుని, మైనస్ కొసలు మధ్యలోకి వచ్చేట్టు చక్రం ఆకుల్లా నిలబడ్డాయి.

దీని అర్థం ఒక్కసారి ఆలోచించండి. రేణువులు మధ్యకి రావడానికి పట్టాలు దారి చూపాయని కదా అనుకున్నాం. ఇక్కడ పట్టాలకే దారి లేదు. రేణువులు పోగవుతున్న కొద్దీ పట్టాలు సర్దుకున్నాయి, పట్టాలు సర్దుకున్న కొద్దీ రేణువులు పోగయ్యాయి. లారీలు నడవడానికి రోడ్డు కావాలి, ఇక్కడ లారీలే రోడ్డు వేసుకుంటూ పోయాయి.

ఎలా సాధ్యం? 2001లో రొదియోనోవ్ బృందమే ఒక ముఖ్యమైన ముడి విప్పింది. రేణువుల మీద ఉన్న డైనీన్ సరుకు మొయ్యడమే కాదు, కొత్త సూక్ష్మనాళికలు మొలకెత్తడానికీ కారణమవుతోంది. ఎక్కడైనా నాలుగు రేణువులు కలిస్తే అక్కడినుంచి కొన్ని కొత్త పట్టాలు మొలుస్తాయి. ఆ పట్టాల మీదుగా మరికొన్ని రేణువులు వచ్చి చేరతాయి. చిన్న గుంపులు కలిసి పెద్ద గుంపవుతుంది. ఇక ఆ పెద్ద గుంపు ఒక అంచుకి దగ్గరగా ఉందనుకోండి. దానికి ఒక వైపు జాగా తక్కువ, అందుచేత పట్టాలూ తక్కువ. రెండో వైపు జాగా ఎక్కువ, పట్టాలూ ఎక్కువ. గుంపు ఎక్కువ ఉన్నవైపుకి లాక్కుపోబడుతుంది. అన్నివైపులా లాగుడు సమానమైన చోట ఆగుతుంది. ఆ చోటుకే మనం కేంద్రం అని పేరు పెట్టుకున్నాం. ఈ నియమాలు లెక్కల్లో పెట్టి నడిపినా అలాగే వస్తుందని 2004లో కంప్యూటర్ నమూనా కూడా కట్టి చూపించారు.

కేంద్రం ఎక్కడుందో ఎవరికీ తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు. అది ఎవరో ఇచ్చిన సమాచారం కాదు, అందరూ ఎవరి పని వాళ్ళు చేసుకుంటే చివరికి తేలిన జవాబు.

నా ఉద్యోగంలో సగం కాలం ఇలాంటి సమస్యల మీదే గడిచింది. మాస్టర్ సర్వర్ పడిపోతే మిగతావాటిలో కొత్త మాస్టర్ ఎవరు? దానికి పాక్సోస్, రాఫ్ట్ అని పెద్ద పెద్ద పద్ధతులున్నాయి. ప్రతి సర్వర్‌కీ ఒక పేరు, ఒకరి నుంచి ఒకరికి సందేశాలు, ఓట్ల లెక్కింపు, గడువులు. ఎన్ని అర్ధరాత్రులు ఆ లాగ్ ఫైళ్ళు చదువుతూ కూర్చున్నానో నాకే తెలుసు. ఇక్కడేమో పేర్లు లేవు, ఓట్లు లేవు, కోసేసిన ముక్క నిమిషాల్లో తేరుకుంటోంది.

అలాగని రేపటినుంచి మన సిస్టమ్‌లన్నీ చేప పొలుసు పద్ధతిలో రాయాలని నేననను. ప్రకృతి మీద ప్రేమ పుట్టగానే ఇలాంటి మాటలు అనేవాళ్ళు మన రంగంలో చాలామంది ఉన్నారు. కణానికి పది రేణువులు దారి తప్పినా ఫరవాలేదు. బ్యాంకు ఖాతాలో ఒక్క లావాదేవీ దారి తప్పితే ఫరవా ఉంది. కణానికి 'దాదాపుగా మధ్య' చాలు, మనకి చాలదు. పైగా సూక్ష్మనాళికలు పెరగడం, ఉన్నట్టుండి విరిగిపోవడం, మళ్ళీ పెరగడం వాటి స్వభావం. ఈ సంగతి 1984లో మిచిసన్, కిర్ష్‌నర్ అనే శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. పట్టాలు గడియకోసారి ఊడిపోయి మళ్ళీ మొలిచే రైల్వే మీద టికెట్ ఎవరు కొంటారు? కణం కంప్యూటర్ కాదు. నేను నేర్చుకున్నది కొత్త డిజైన్ కాదు. క్రమం కనబడినచోటల్లా ఒక మేనేజర్ ఉండి తీరాలన్న నా నమ్మకం ఒట్టి అలవాటని మాత్రం నేర్చుకున్నాను.

ఇంతకీ ఎందుకు పనికొస్తుంది?

ఇప్పుడు బాబాయ్ ప్రశ్నకి వద్దాం. ఈ ప్రశ్నకి తేలిక జవాబు ఒకటుంది, అది నిజం కూడా.

ఇండియా వెళ్ళి వచ్చాక నిద్రపట్టక మనలో చాలామంది మందులషాపులో కొనుక్కునే మెలటోనిన్ బిళ్ళలు గుర్తున్నాయా? ఆ పేరులో మొదటి సగం ఎక్కడినుంచి వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? 1917లో మెకార్డ్, ఆలెన్ అనే ఇద్దరు, ఆవుల మెదడులో ఉండే పీనియల్ గ్రంథి సారాన్ని కప్పపిల్లలకి పెడితే వాటి ఒళ్ళు పాలిపోయిందని రాశారు. నలభై ఏళ్ళ తరవాత, 1958లో, యేల్ యూనివర్సిటీలో చర్మవైద్యుడు ఆరన్ లెర్నర్ ఆ సారంలో అసలు పదార్థాన్ని వేరుచేశాడు. ఆయన వెతికింది నిద్రమందు కోసం కాదు, బొల్లి లాంటి చర్మవ్యాధులకి దారి దొరుకుతుందేమోనని. కప్ప చర్మంలోని నల్లరంగు కణాల్లో నలుపుని మధ్యకి లాగేస్తుంది గనక దానికి మెలటోనిన్ అని పేరు పెట్టాడు. అంటే మన తలగడ పక్కనున్న సీసాకి పేరు పెట్టింది, నేను ఆ శనివారం చూసిన నక్షత్రాల దాయాదులే.

ఇంకొకటి. మన పెరళ్ళలో ఎవరూ నాటకుండానే పూసే బిళ్ళగన్నేరు. ఆ ఆకుని మధుమేహానికి వాడతారని విని కెనడాలో రాబర్ట్ నోబెల్, చార్లెస్ బీర్ పరీక్షించారు. చక్కెర తగ్గలేదు, తెల్లరక్తకణాలు తగ్గాయి. 1958లో దాని నుంచి విన్‌బ్లాస్టిన్ వచ్చింది. తరవాత దాని తోబుట్టువు విన్‌క్రిస్టిన్ పసిపిల్లల రక్తకేన్సర్‌కి ముఖ్యమైన మందయింది. ఇవి ఎలా పనిచేస్తాయి? విభజన చెందుతున్న కణంలో సూక్ష్మనాళికల ఇటుకలకి అంటుకుని పట్టాలు పడకుండా చేస్తాయి. అయితే ఈ మందులు వచ్చేనాటికి ట్యుబ్యులిన్ అనే ఇటుక ఒకటుందనే ఎవరికీ తెలియదు. 1967లో షికాగోలో ఎడ్విన్ టేలర్ దగ్గర చదువుకుంటున్న ఒక విద్యార్థి, అడవినాభి దుంపలో కూడా ఉండే కొల్చిసిన్ అనే విషం కణంలో దేనికి అంటుకుంటుందో వెతుకుతూ ఆ ప్రొటీన్‌ని పట్టుకున్నాడు. ఆ విద్యార్థి పేరు గ్యారీ బొరీసీ. ముప్ఫై ఏళ్ళ తరవాత చేప కణాన్ని ముక్కలు కోసిన బొరీసీ ఆయనే. ఒక మనిషి ఒకే ప్రశ్న వెంట ముప్ఫై ఏళ్ళు నడవడం అంటే ఇది.

చేప కణంలో రేణువుల్ని మోసే మోటార్ల బంధువులే మన వెన్నుపాము నుంచి పాదం దాకా మీటరు పొడుగున్న నరాల్లో సరుకు మోస్తారు. ఒక రకం కైనెసిన్ జన్యువులో లోపం ఉంటే కాళ్ళు బిగుసుకుపోయే వంశపారంపర్య జబ్బు వస్తుంది. మన దేశంలోనే రూప్ మల్లిక్ ఈ మోటార్లు బరువుని బట్టి ఎలా నడుస్తాయో, జట్లుగా ఎలా లాగుతాయో పరిశోధించి 2018లో ఇన్ఫోసిస్ బహుమతి అందుకున్నారు. సాఫ్ట్‌వేర్ కంపెనీ పేరున్న బహుమతి అణువంత కూలీల పరిశోధనకి వెళ్ళింది, మనవాళ్ళలో ఎంతమంది గమనించారో మరి.

ఇదీ తేలిక జవాబు. ఇది చెప్పి ఊరుకుంటే నేను మోసం చేసినట్టే. ఎందుకంటే ఇందులో ఒక్కటి కూడా ముందు అనుకుని చేసింది కాదు. కప్పపిల్లలకి సారం తినిపించినవాళ్ళకి జెట్ లాగ్ గురించి తెలిసే అవకాశమే లేదు, అప్పటికి జెట్ విమానాలే లేవు. ఆనాడు వాళ్ళని 'ఎందుకు పనికొస్తుంది' అని నిలదీసి ఉంటే తెల్లమొహం వేసేవాళ్ళు. మా చెల్లెలి పని నుంచి రేపు ఏ మందూ రాకపోవచ్చు కూడా. చాలా పరిశోధనల నుంచి రాదు. పనికొచ్చినవాటి పేర్లు చెప్పి పనికిరాని వాటిని సమర్థించడం లాటరీ తగిలినవాడి ఫోటో చూపించి టికెట్లు అమ్మడం లాంటిది.

నేను చెప్పదలచుకున్నది వేరు. 'ఎందుకు పనికొస్తుంది' అన్నది తప్పు ప్రశ్న కాదు, కానీ మనం దాన్ని తప్పు సమయంలో అడుగుతున్నాం. చూడకముందే అడుగుతున్నాం. మా చెల్లెలు ఏం చూస్తోందో కనుక్కోకుండానే నేను మూడు స్లైడులతో నాలుగు గంటలు డ్రైవ్ చేశాను చూశారా, అదీ మన జబ్బు.

మన లెక్కలు

ఈ జబ్బు ఊరికే రాలేదు, ఆ మాటా చెప్పాలి. మనలో చాలామంది అప్పు చేసి విమానమెక్కినవాళ్ళం. మన తండ్రులకి చదువంటే జ్ఞానం కాదు, పిల్లవాడు వర్షాన్ని నమ్ముకోకుండా బతికే ఉపాయం. అలాంటి ఇంట్లో 'ఎందుకు పనికొస్తుంది' అన్నది డబ్బాశతో పుట్టిన ప్రశ్న కాదు, ఆకలి నేర్పిన ప్రశ్న. నేను ఎమ్మెస్ చేసే రోజుల్లో గ్రాఫ్ థియరీ అంటే చెవికోసుకునేవాణ్ణి. ఆ దారిన పోకుండా కన్సల్టింగ్‌లో చేరాను. ఇంటికి పంపిన డబ్బుతో ఇంట్లో పనులు గడిచాయి. దానికి నేను చింతించడం లేదు.

బాబాయ్ భయాల్లో నిజం లేకపోలేదు. పీహెచ్‌డీ భత్యంతో బొటాబొటీగా బతకాలి. అయిదేళ్ళని ఆరేళ్ళవుతుంది. తరవాత ఉద్యోగం ఎక్కడ దొరుకుతుందో, వీసా ఏమవుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆ భారం మొయ్యాల్సింది ఆ పిల్ల, చప్పట్లు కొట్టే మనం కాదు. అందుకని 'అందరూ సైన్సులోకి దూకండి' అని ఉపన్యాసం ఇవ్వను. తమ పిల్లల్ని కంప్యూటర్ సైన్సులో చేర్పించుకుంటూ ఊళ్ళోవాళ్ళ పిల్లల్ని బయాలజీకి పంపేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట.

నా విన్నపం మనబోటి గట్టెక్కినవాళ్ళకి. ఇల్లు కొనుక్కున్నాం, అప్పులు తీరాయి. అయినా తానా, ఆటా సభల్లో ఎవరి పిల్లలైనా కనబడితే మన నోట వచ్చే మొదటి మాట 'అది చదివితే ఉద్యోగాలుంటాయా?' అనేదే. ఆకలి తీరినా ఆకలి నేర్పిన ప్రశ్న మాత్రం మనల్ని వదల్లేదు. తెగిన చెయ్యి కూడా కొన్ని గంటలపాటు పాత మొండెం వైపే నడిచిందని చెప్పాను కదా. దానికి కొన్ని గంటలు పట్టింది, మనకి ఎన్నేళ్ళు పడుతుందో!

మనం చెయ్యగలిగినవి ఉన్నాయి. ఇంట్లో ఒక పిల్లో పిల్లవాడో ఇలాంటి దారి పడితే, ఊళ్ళో మిగిలిన అప్పుని అన్నదమ్ములు పంచుకోవచ్చు. మా ఇంట్లో అదే చేశాం, పెద్ద మొత్తమేమీ కాదు, నేను కారు మార్చడం రెండేళ్ళు వాయిదా వేశానంతే. పిల్లల్ని వేసవిలో కోడింగ్ క్యాంపుకి పంపినట్టే ఒక్కసారి దగ్గర్లోని యూనివర్సిటీ లాబ్‌కి తీసుకెళ్ళి మైక్రోస్కోపులో ఏదైనా చూపించమని అడగొచ్చు. సంతోషంగా చూపిస్తారు, వాళ్ళని అలా అడిగేవాళ్ళే తక్కువ. అన్నిటికంటే సులువైనది, ఏం చదువుతున్నావని అడిగాక రెండో ప్రశ్నగా 'ఏం చూశావు?' అని అడగడం. 'ఎందుకు పనికొస్తుంది' మూడో ప్రశ్నగా ఎటూ ఉంటుంది.

తిరిగొచ్చిన మర్నాడు బాబాయ్‌కి ఫోన్ చేశాను.

"చెప్పావా?" అన్నారు.

"లేదు బాబాయ్. మీరు కిందటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు నిద్ర పట్టడం లేదంటే ఒక బిళ్ళ ఇచ్చాను, గుర్తుందా?" అని మొదలుపెట్టి కప్పపిల్లల దగ్గర్నించి తెగిన చెయ్యి దాకా అంతా చెప్పాను. ఆయన మధ్యలో అడ్డురాకుండా విన్నారు. లైను తెగిందేమోనని "హలో" అన్నాను.

"ఉన్నాన్రా. అంటే ఆ బిళ్ళ చేపల్లోంచి తీస్తారంటావా?"

"కాదు బాబాయ్."

"సరే గాని, ఆ ముక్కని మళ్ళీ రెండుగా కోస్తే?"

నాకు తెలియదన్నాను. ఆయన కాసేపు ఆగి, "అయితే దాన్నే అడుగుతాలే" అని ఫోన్ పెట్టేశారు. ఆయన ఒప్పుకున్నట్టని నేను అనను. పెళ్ళి సంగతి, అప్పు సంగతి ఆ వారమే మళ్ళీ వచ్చాయి. కానీ ఆ సాయంత్రం తండ్రీకూతుళ్ళు గంటసేపు మాట్లాడుకున్నారని, అందులో ఒక్కసారి కూడా డేటా సైన్స్ ప్రస్తావన రాలేదని మా చెల్లెలు చెప్పింది.